స్క్రీన్ మీద వచ్చేది, మైక్రోస్కోప్ కింద రాదు: ఒక హిస్టాలజీ కేస్ స్టడీ

నేపథ్యం

నేను నెల్లూరు జిల్లాలోని ఒక వైద్య కళాశాలలో అనాటమీ చెబుతాను. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో హిస్టాలజీ (కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చదవడం) కూడా మా విభాగం పనే. ఇది ఒక విద్యార్థిని కేసు. ఆమె పేరు, సొంతూరు, బ్యాచ్ రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. ఆమెకు చెప్పే రాస్తున్నాను.

హిస్టాలజీ ప్రాక్టికల్ మన దగ్గర ఎలా జరుగుతుందో చదివినవాళ్లకు తెలుసు. ముందు డెమో, తర్వాత స్లైడ్ పెట్టుకుని చూడటం, చూసింది రికార్డులో గులాబీ, ఊదా పెన్సిళ్లతో గీయడం. హెమటాక్సిలిన్‌తో న్యూక్లియస్ నీలంగా, ఇయోసిన్‌తో సైటోప్లాజమ్ గులాబీగా కనిపిస్తాయి కాబట్టి ఆ రెండు పెన్సిళ్లతో ఏడాదంతా గడిచిపోతుంది. చాలామంది మైక్రోస్కోప్‌లో చూసి గీయరు, సీనియర్ రికార్డు చూసి గీస్తారు. అనాటమీ టీచర్లందరికీ తెలిసిన రహస్యమే ఇది. పరీక్షలో మాత్రం బల్లల మీద వరసగా మైక్రోస్కోపులు, ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) పాయింటర్, గంట కొట్టగానే పక్క స్పాటర్‌కి (చూసి పేరు రాయాల్సిన స్లైడ్‌కి) జరగాలి. అక్కడ సీనియర్ రికార్డు ఉండదు.

వర్చువల్ స్లైడ్లు, అంటే కంప్యూటర్ తెర మీద జూమ్ చేసి చూసే స్లైడ్ బొమ్మలు, తేవాలని మా విభాగంలో ముందు నుంచీ అనుకుంటున్నాం. మా పెట్టెల్లోని స్లైడ్లు పాతవి. కొన్నిటిలో ఇయోసిన్ వెలిసిపోయింది, కొన్ని పగిలాయి. అన్నిటికంటే ఇబ్బంది, ఒక్కో అవయవానికి ఉన్న స్లైడ్లన్నీ ఒకే బ్లాకు (కణజాలాన్ని మైనంలో పెట్టి గట్టిపరిచిన ముద్ద) నుంచి కోసినవి కావడం. ఐదు మైక్రాన్ల మందాన వరసగా కోస్తే పక్కపక్క సెక్షన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. అంటే పెట్టెలో స్ప్లీన్ (ప్లీహం) స్లైడ్లు ఎన్ని ఉన్నా, విద్యార్థి చూసేది ఒక్క స్ప్లీన్‌నే. ఈ సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

స్లైడ్ స్కానర్ కొనడం లక్షల్లో మాట కాబట్టి ఆ ఊసు ఎత్తలేదు. స్కానర్ చేసే పని ఏమిటంటే, స్లైడ్ మొత్తాన్ని ముక్కముక్కలుగా ఫొటోలు తీసి అతికించడం. 15 మిల్లీమీటర్ల చదరాన్ని పిక్సెల్‌కి 0.25 మైక్రాన్ చొప్పున స్కాన్ చేస్తే 60,000 బై 60,000 పిక్సెళ్లు వస్తాయి. కుదించకపోతే పది జీబీ దాటే బొమ్మ. దాన్ని పిరమిడ్‌లా పలు స్థాయిల్లో చిన్న చిన్న పలకలుగా కోసి పెడతారు. మనం చూస్తున్న చోటు, చూస్తున్న జూమ్‌కి సంబంధించిన పలకలు మాత్రమే తెర మీదికి వస్తాయి. అందుకే మామూలు కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. మేం ట్రైనాక్యులర్ (కెమెరాకి మూడో గొట్టం ఉన్న) మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి, 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో (స్లైడ్ వైపుండే, పది రెట్లు పెంచే కటకంతో) ఫీల్డ్ తర్వాత ఫీల్డ్ ఫొటోలు తీసి, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అతికించాం. ఓపెన్‌సీడ్రాగన్ అనే ఉచిత వ్యూయర్‌లో పెట్టాం. 10ఎక్స్ ఆబ్జెక్టివ్ ఎన్‌ఏ (వివరాలు విడదీసి చూపే శక్తికి కొలత) 0.25 అనుకుంటే సుమారు 1.3 మైక్రాన్ల వరకూ విడిగా చూపుతుంది. ఎర్ర రక్తకణమే ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది కాబట్టి కణజాలం అమరిక చూడటానికి ఇది చాలు. పరోటిడ్‌లో (చెవి ముందుండే లాలాజల గ్రంథిలో) స్ట్రయేటెడ్ డక్ట్ అనే నాళం గోడ గీతల్లాంటివి చూపాల్సిన చోట 40ఎక్స్‌తో చిన్న ముక్క విడిగా తీశాం. మా దగ్గర మంచి స్లైడ్ లేని అవయవాలకు మిషిగన్ విశ్వవిద్యాలయం అందరికీ తెరిచి పెట్టిన వర్చువల్ స్లైడ్లు వాడాం.

సమస్య

ఈ అమ్మాయి థియరీలో బాగా రాస్తుంది. రికార్డు చూడముచ్చటగా ఉంటుంది. డిసెక్షన్ హాల్లో చురుకైనది. హిస్టాలజీ స్పాటర్లలో మాత్రం ప్రతిసారీ మునుగుతుంది. లింఫ్ నోడ్‌కి స్ప్లీన్ అని, ప్యాంక్రియాస్‌కి పరోటిడ్ అని, థైరాయిడ్‌కి పాలిచ్చే దశలోని రొమ్ము అని రాస్తుంది. ఐడెంటిఫికేషన్ తప్పితే కింద రాసిన పాయింట్లు ఎంత బాగున్నా మార్కులు రావు. ఇంటర్నల్ అయ్యాక కళ్లనీళ్లతో వచ్చింది. “టెన్షన్‌లో ఏం కనపడట్లేదు మేడం, అంతా చుక్కలే” అంది.

టెన్షన్ అనే మాట దగ్గర ఆగిపోవడం తేలిక. నేను ముందు కళ్లనే అనుమానించాను. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఐపీస్ దగ్గర తడబడటం మామూలే. ఆప్తాల్మాలజీ ఓపీకి పంపితే పవర్ సరిగ్గానే ఉందన్నారు. ఇక చదవడం లేదేమో అనుకోవడానికి థియరీ మార్కులు ఒప్పుకోవు. కాబట్టి ఆమె ఐపీస్‌లో ఏం చూస్తుందో, ఎక్కడ చూస్తుందో తెలుసుకోవాలి. మైక్రోస్కోప్‌తో ఇబ్బందే అది. లోపల ఆమె చూస్తున్నది నాకు కనపడదు.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట చేసింది అందరూ చేసేదే. సాయంత్రం ల్యాబ్ తెరిపించి అదనంగా ప్రాక్టీస్ చేయించాం. కొద్ది రోజుల్లో సమాధానాలు సరిగ్గా రావడం మొదలైంది. మా టెక్నీషియన్ సంబరపడ్డాడు. నాకు మాత్రం ఆ వేగం మీద అనుమానం వచ్చింది. స్లైడ్ పెట్టి ఫోకస్ చేసీ చేయకముందే “థైమస్” అంటోంది. ఎలా తెలిసిందమ్మా అంటే, “ఈ మూలన మడత ఉండాది కదా మేడం” అంది. సెక్షన్‌ని నీళ్ల మీద నుంచి స్లైడ్ మీదికి ఎత్తేటప్పుడు పడ్డ మడత అది. పాఠ్యపుస్తకంలో లేని, మా పెట్టెలో మాత్రమే ఉన్న థైమస్ లక్షణం! ఇంకో బ్లాకు నుంచి వచ్చిన థైమస్ స్లైడ్ పెట్టాను. టాన్సిల్ అంది. ఆమె నేర్చుకున్నది కణజాలం కాదు, మా స్లైడ్ల పెట్టె. పక్కనున్న ఇంకొందరిని అడిగితే వాళ్లకీ ఇలాంటి సొంత గుర్తులు ఉన్నాయని తేలింది. ప్రాక్టీస్ పెంచడం అక్కడితో ఆపాను. అదే పెట్టెతో ఇంకా ప్రాక్టీస్ చేయిస్తే ఆ గుర్తులే బలపడతాయి.

అప్పుడు వర్చువల్ స్లైడ్ల వైపు మళ్లాం. ఒకే అవయవం వేర్వేరు మనుషుల నుంచి, వేర్వేరు ప్రయోగశాలల రంగుల్లో చూపించడానికి అంతకంటే చవకైన దారి లేదు. లింకులు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాం. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఆమె ఫోన్లోనే బాగా చూసింది. తిరిగొచ్చాక స్క్రీన్ మీద పరీక్ష పెడితే చక్కగా గుర్తుపట్టింది. అదే వారం మైక్రోస్కోప్ కింద పెడితే మళ్లీ పాత కథే. స్క్రీన్ మీద వచ్చేది, ఐపీస్‌లో రాదు.

ఈ దశలో చాలామంది చెప్పే మాట, “ఫోన్లో చూస్తే ఏం వస్తుంది, మైక్రోస్కోప్ ముందు కూర్చోవాలి” అని. నేను ఒప్పుకోలేదు. మైక్రోస్కోప్ ముందు కూర్చున్నప్పుడే ఆమెకు రాలేదు కదా. రెండు చోట్ల తేడా ఎక్కడుందో తేల్చాలి. స్క్రీన్‌తో నాకు దొరికిన మేలు ఏమిటంటే, ఆమె చూస్తున్నది నేనూ చూడగలను. పక్కన కూర్చుని, ఏం చేస్తుందో గమనించాను.

మొదట కనిపించింది మూలనున్న చిన్న బొమ్మ. వర్చువల్ స్లైడ్ వ్యూయర్లలో స్లైడ్ మొత్తం ఒక మూల చిన్నగా కనిపిస్తుంటుంది, మనం ఎక్కడున్నామో ఒక గడి చూపిస్తుంది. ఆమె పెద్ద బొమ్మ వంక చూడకుండా ముందు ఆ మూలకే చూస్తోంది. అందులో లింఫ్ నోడ్ చిక్కుడు గింజ ఆకారం, థైమస్ లోబ్యూళ్లు స్పష్టంగా తెలిసిపోతాయి. మైక్రోస్కోప్‌లో ఆ మూల ఉండదు. ఫీల్డ్ నంబరు (ఐపీస్ చూపే వృత్తానికి కొలత) 18 ఉన్న ఐపీస్ అయితే 4ఎక్స్‌లో కనిపించేది 4.5 మిల్లీమీటర్ల వృత్తం, 10ఎక్స్‌లో 1.8, 40ఎక్స్‌లో 0.45 మిల్లీమీటర్లు. సెంటీమీటరు పొడవున్న లింఫ్ నోడ్ 4ఎక్స్‌లో కూడా ఒక్క చూపులో ఇమడదు. జరుపుతూ చూసి, మనసులో అతికించుకోవాలి. అతికించే పని వ్యూయరే చేసి పెడుతోంది కాబట్టి ఆమెకు అది అలవాటు కాలేదు.

రెండోది వేలి అలవాటు. తెర మీద బొమ్మను కుడికి లాగితే కుడికే వస్తుంది. మైక్రోస్కోప్‌లో బొమ్మ తలకిందులు. స్లైడ్ కుడికి జరిపితే దృశ్యం ఎడమకు పోతుంది. ఫోన్‌కి అలవాటు పడ్డ చేయి స్టేజ్ మీద తప్పు దిక్కుకి తిప్పి, చూడాల్సిన చోటు పోగొట్టుకుంటుంది. గంట కొట్టేలోపు వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

మూడోది తమాషాగా బయటపడింది. ఒక స్లైడ్‌లో కొలాజెన్ నారింజ రంగులో ఉందంది. ఏ స్టెయిన్ అది అని నేను తికమకపడ్డాను. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉంటుందని హాస్టల్లో ఫోన్లన్నీ నైట్ మోడ్‌లో పెట్టుకుంటారు. ఆ వెలుగులో ఇయోసిన్ గులాబీ కాస్తా నారింజకు తిరుగుతుంది, హెమటాక్సిలిన్ నీలం మట్టి రంగుకి దిగుతుంది. రంగే ఆధారమైన సబ్జెక్టును రంగు మారిన తెర మీద చదువుతున్నారన్నమాట. నైట్ మోడ్ తీసి చూడాలన్న ఒక్క మాట గ్రూపులో పెడితే సరిపోయింది.

అన్నిటికంటే లోతైనది నాలుగోది. స్క్రీన్ అయినా, మైక్రోస్కోప్ అయినా, ఆమె వెంటనే హై పవర్‌కి దూకుతుంది. ఎందుకంటే రికార్డులో ఆమె శ్రద్ధగా గీసిన బొమ్మలన్నీ హై పవర్ బొమ్మలే. ఆ బొమ్మ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతోంది. కానీ స్ప్లీన్, లింఫ్ నోడ్, థైమస్, టాన్సిల్ నాలుగూ 40ఎక్స్‌లో దాదాపు ఒకటే. చిన్న నీలం లింఫోసైట్ల గుంపు. నెల్లూరుకి కొత్తగా వచ్చిన మనిషిని కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లి ఏదో సందులో దింపి, ఇదేం పేటో చెప్పమన్నట్టు. ట్రంకు రోడ్డు ఎటో, పెన్నా ఎటో తెలిస్తేనే సందు పేరు చెప్పగలడు. 4ఎక్స్‌లో అయితే ఈ నాలుగూ పది సెకన్ల పని. అంచున ముడతలు పడి లోపలికి దిగిన స్ట్రాటిఫైడ్ స్క్వేమస్ ఎపిథీలియం (పలు వరసల కణాలతో ఉండే పైపొర) ఉంటే టాన్సిల్. లోబ్యూళ్లుగా విడిపోయి, ఒక్కోదానిలో ముదురు అంచు, లేత నడుమ ఉంటే థైమస్. క్యాప్సూల్ కింద సైనస్, బయట కార్టెక్స్, లోపల మెడుల్లా ఉంటే లింఫ్ నోడ్. కార్టెక్స్, మెడుల్లా అనే విభజనే లేకుండా ఎర్రటి నేలలో నీలం ముద్దలు చెదిరి ఉంటే స్ప్లీన్. హై పవర్ అవసరం ఆ తర్వాత, హాసల్ కార్పసిల్ (థైమస్‌లో ఉండే గుండ్రటి కణాల చుట్ట) ఉందా అని ఖాయం చేసుకోవడానికి.

పనిచేసింది

కాబట్టి పరికరాన్ని వదిలేయకుండా, అది ఉచితంగా ఇస్తున్న సాయాన్ని తగ్గించాలని నిర్ణయించాను.

ఫోన్లు మాన్పించి విభాగంలోని కంప్యూటర్లకు మార్చాం. స్లైడ్లను లోకల్ సర్వర్‌లోనే పెట్టాం. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే ఇక్కడ నెట్ ఎప్పుడు పోతుందో తెలియదు. తరగతి మధ్యలో తెర తెల్లబోతే ఆ రోజు పాఠం పోయినట్టే. మూలనున్న చిన్న బొమ్మ తీసేశాం. వ్యూయర్‌లో ఒక్క సెట్టింగు మారిస్తే అది పోతుంది. తెర మీద నల్లటి ముసుగు వేసి నడుమ గుండ్రటి కిటికీ మాత్రం వదిలాం. 4ఎక్స్ స్థాయిలో ఆ కిటికీలో 4.5 మిల్లీమీటర్లే కనపడేలా లెక్క కట్టాం. జూమ్ ఇష్టమొచ్చినట్టు సాగకుండా 4, 10, 40 అని మూడు మెట్లే పెట్టాం, నోస్‌పీస్ (ఆబ్జెక్టివ్‌లు బిగించి ఉండే చక్రం) తిప్పినట్టు. ఈ మార్పులు చేసిపెట్టింది ఇంజనీరింగ్ చదివే ఒక బంధువుల కుర్రాడు, టిఫిన్ ఖర్చుతో.

అసలు మార్పు తరగతి నడిపే పద్ధతిలో. 4ఎక్స్‌లో ఉండగానే మూడు అవయవాల పేర్లు కాగితం మీద రాయాలి. ఆ మూడింటిలో ఏది కాదో తేల్చడానికి ఏం చూడాలో కూడా రాయాలి. అప్పుడే 10ఎక్స్‌కి పోవచ్చు. మూడు పేర్లు ఎందుకంటే, ఒక్కటే రాయమంటే ఊహించి రాసి దాన్నే పట్టుకుని వేలాడతారు. మూడు రాయాలంటే పోల్చక తప్పదు. హై పవర్‌కి వెళ్లేటప్పటికి ఆమె చేతిలో వెతకాల్సిన వస్తువు పేరు ఉంటుంది.

ఇద్దరిద్దర్ని ఒక తెర ముందు కూర్చోబెట్టాం. మౌస్ పట్టినవాళ్లు మాట్లాడకూడదు, మాట్లాడేవాళ్లు మౌస్ ముట్టుకోకూడదు. చూస్తున్నదాన్ని మాటల్లో పెట్టకపోతే పక్కవాళ్లు జరపలేరు. ఇక్కడ ఇంకో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఇంగ్లీషులో చెప్పమంటే ఆమె పుస్తకంలోని వాక్యాలు అప్పజెబుతోంది. కళ్లు తెర మీద లేకపోయినా అవే వాక్యాలు వస్తాయి. తెలుగులోనే చెప్పమన్నాను. స్ప్లీన్ వైట్ పల్ప్ (ఆ నీలం ముద్దలు) దగ్గర, “నీలం ముద్ద ఉంది మేడం, అందులో చిన్న గొట్టం, కానీ నడిమధ్యలో లేదు, పక్కకి జరిగి ఉండాది. అందుకే నేను స్ప్లీన్ కాదనుకున్నా” అంది. ఆ గొట్టాన్ని సెంట్రల్ ఆర్టీరియోల్ (నడిమి సన్న ధమని) అంటారు గానీ, అది చాలాసార్లు నడుమ ఉండదు. రికార్డు బొమ్మలో మాత్రం అందరూ నట్టనడుమ గీస్తారు. పేరు చూసి నడుమ వెతుకుతున్న పిల్లకు అసలు ఆర్టీరియోల్ కనపడుతూనే పనికిరాకుండా పోయింది. స్ప్లీన్ విషయంలో ఆమె తప్పుల వెనకున్న కారణం నాకు అప్పటిగ్గానీ అర్థం కాలేదు. ఇంగ్లీషులో అడిగినన్నాళ్లూ “సెంట్రల్ ఆర్టీరియోల్ సీన్” అనే చెప్పింది మరి.

తికమక పెట్టే జంటలను పక్కపక్కన పెట్టాం. పరోటిడ్, ప్యాంక్రియాస్ రెండిట్లోనూ సీరస్ అసైనై (పలుచటి ద్రవం స్రవించే కణాల గుత్తులు) ఉంటాయి. ప్యాంక్రియాస్‌లో లేత రంగు దీవుల్లా లాంగర్‌హాన్స్ ఐలెట్లు, పరోటిడ్‌లో స్ట్రయేటెడ్ డక్ట్‌లు, మధ్యమధ్య కొవ్వు కణాలు. అయితే ఐలెట్ లేని ప్యాంక్రియాస్ ఫీల్డ్ కూడా కావాలని పెట్టాను. ఐలెట్ కనపడకపోతే పరోటిడ్ అనేసే తొందరను విరవాలి కదా. అలాంటి ఫీల్డ్‌లో స్ట్రయేటెడ్ డక్ట్ కూడా లేదని చూడాలి, లేదా జరిపి ఐలెట్ వెతకాలి. మా పెట్టెలో ఉన్న ఒక్క ప్యాంక్రియాస్‌తో ఈ పాఠం చెప్పే వీలే లేదు. వర్చువల్ స్లైడ్లు నిజంగా అక్కరకొచ్చింది ఇక్కడే.

ప్రతి తరగతి చివరి భాగం మైక్రోస్కోప్‌కే. స్క్రీన్ మీద చూసిన అదే స్లైడ్‌ని, చూసిన వెంటనే, అసలు గాజు మీద చూడాలి. మొదట్లో ఆమె స్టేజ్‌ని ఎదురు దిక్కుకి తిప్పేది. స్లైడ్‌లో ఎక్కడెక్కడ ఏముందో ఇప్పుడే చూసి వచ్చింది కాబట్టి, వెతుకులాటలో తప్పు జరిగితే అది చేతి తప్పేనని తనకే తెలిసిపోయేది. కొన్నాళ్లకు చేయి సర్దుకుంది. స్క్రీన్‌కీ మైక్రోస్కోప్‌కీ మధ్య వారం గడిస్తే ఈ ఫలితం రాదు. మిగతా బ్యాచ్‌లో అలా ఎడం వచ్చినప్పుడు చూశాను.

తర్వాతి ఇంటర్నల్లో మేం వాడని కొత్త స్లైడ్లు పెట్టాను, మడతల జ్ఞానం పనిచేయకుండా. ఆమె లింఫాయిడ్ అవయవాలన్నీ సరిగ్గా రాసింది. వాస్ డిఫరెన్స్‌ని (శుక్రవాహికను) యురేటర్ (మూత్రనాళం) అని రాసింది. బయటికొచ్చాక తనే చెప్పింది: “గోడ అంత మందంగా ఉంటే యురేటర్ ఎందుకవుద్ది మేడం, లో పవర్‌లో చూసి కూడా వదిలేశా.” ఆ మాట నాకు మార్కుల కంటే ఎక్కువ ఊరటనిచ్చింది. ఎక్కడ దారి తప్పిందో ఆమెకు తెలుస్తోంది. యూనివర్సిటీ ప్రాక్టికల్స్ గట్టెక్కింది.

ఈ కేసు తర్వాత మేం మార్చినవి

స్లైడ్ పెట్టెల్లో ఒక్కో అవయవానికి కనీసం రెండు వేర్వేరు బ్లాకుల స్లైడ్లు ఉండాలని పెట్టుకున్నాం. రికార్డులో ప్రతి అవయవానికీ 4ఎక్స్ బొమ్మ తప్పనిసరి చేశాం. పిల్లలు గొణిగారు, పెన్సిళ్లు త్వరగా అరిగిపోతున్నాయని.

వర్చువల్ స్లైడ్లు వచ్చాయి కదా, ఇక మైక్రోస్కోపులు ఎందుకని మేనేజ్‌మెంట్లు అడగడం మొదలైంది. దానికి నా జవాబు ఇది. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలోనే ఎపిథీలియాన్ని మైక్రోస్కోప్ కింద గుర్తించాలని ఉంది. అది అలా ఉంచినా, మామూలుగా స్కాన్ చేసిన స్లైడ్‌లో ఒకే తలం ఉంటుంది. ఫైన్ అడ్జస్ట్‌మెంట్ తిప్పుతూ సెక్షన్ మందంలో పైకీ కిందికీ పోయే వీలు లేదు. కండెన్సర్ (కింద నుంచి వెలుగు పోగుచేసే కటకం) దించి కాంట్రాస్ట్ పెంచే వీలు లేదు. ఆయిల్ ఇమ్మర్షన్‌లో (నూనె చుక్క వేసి అన్నిటికంటే పెద్ద పవర్‌లో చూడటంలో) చేతి అదుపు తెర మీద రాదు. రేపు ఈ పిల్లలే ఏ మారుమూల పీహెచ్‌సీలోనో మలేరియా స్మియర్ చూడాల్సి వస్తే అక్కడ ఉండేది మైక్రోస్కోపే. అందుకే బ్లడ్ స్మియర్‌ని మేం స్క్రీన్ మీద పెట్టలేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. పరీక్షలకు కొన్నాళ్ల ముందు నుంచి కంప్యూటర్లు కట్టేసి, అందరినీ మైక్రోస్కోపుల దగ్గరికే పంపుతున్నాం. అప్పటికి ఎవరికైనా ఇంకా మూలనున్న చిన్న బొమ్మ కావాలనిపిస్తే, వాళ్లను విడిగా పిలిచి 4ఎక్స్ దగ్గర మళ్లీ మొదలుపెడతాను.